కుడి సీటు ఎప్పుడు ఖాళీ అవుతుంది?

కొత్త విమానాలకు ఆర్డరు ఇచ్చారన్న వార్త పేపర్లో పడితే చాలు, ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు కొంటామన్నప్పుడు మోగింది. ఆ జూన్‌లో పారిస్ ఎయిర్‌షోలో ఇండిగో ఒక్క దెబ్బకు 500 ఎయిర్‌బస్‌లకు సంతకం పెట్టినప్పుడు మోగింది. మరుసటి జనవరిలో ఆకాశ ఎయిర్ 150 బోయింగ్‌లు అన్నప్పుడూ మోగింది. "సార్, గన్ని విమానాలు వస్తున్నయంటే గన్ని మందిని తీసుకోవాలె గదా! మా బిడ్డ లైసెన్సు పట్టుకొని ఇంట్ల కూసున్నది. ఇగ ఎప్పుడు పిలుస్తరు?" అని నల్గొండ నుంచి ఒక తండ్రి. "ఏవండీ మాస్టారూ, పైలట్ల కొరత అని టీవీలో ఊదరగొడుతున్నారు కదా, మావాడికి మాత్రం ఎందుకు రావట్లేదండీ?" అని తణుకు నుంచి ఇంకో తండ్రి.

ఇద్దరి లెక్కా న్యాయమైనదే. కొరతా నిజమే. కాకపోతే ఆ కొరత ఎడమ సీటుకి. వీళ్ల పిల్లలు ఎదురుచూస్తున్నది కుడి సీటు కోసం.

కాక్‌పిట్‌లో ఎడమవైపు కెప్టెన్ కూర్చుంటాడు, కుడివైపు ఫస్ట్ ఆఫీసర్. మనవాళ్లు ఇప్పటికీ కో-పైలట్ అనే అంటారు. కొత్త లైసెన్సువాళ్లకు దొరికేది కుడివైపే. అక్కడ కొన్నేళ్లు ఎగిరి, మొత్తం 1,500 గంటలు దాటి, ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సు పరీక్షలు గట్టెక్కి, ఆ మీదట కంపెనీ ఇచ్చే అప్‌గ్రేడ్ శిక్షణలో నెగ్గితే ఎడమకు జరుగుతారు. ఎంత డబ్బు పోసినా ఏడాదిలో కెప్టెన్ తయారు కాడు. 2025లో పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి. వారానికి 36 గంటలుండే విశ్రాంతిని 48 గంటలు చేశారు, రాత్రి ల్యాండింగులు తగ్గించారు. అవే సర్వీసులకు ఎక్కువమంది పైలట్లు కావలసి వచ్చి, ఆ డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వందలకొద్దీ రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్న సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు బయటికొచ్చిన లెక్కల్లో ఒకటి నేను కత్తిరించి క్లాసు గోడకు అంటించాను. వాళ్ల ఎయిర్‌బస్‌లకు 2,400 పైచిలుకు కెప్టెన్లు కావాలి, 65 మంది తక్కువ పడ్డారు. ఫస్ట్ ఆఫీసర్లు మాత్రం కావలసినదానికంటే నలభై మంది దాకా ఎక్కువే ఉన్నారు.

నేను పైలట్‌ని కాను, ముందే చెబుతున్నాను. తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి. మా తోడల్లుడి స్నేహితుడొకాయన బేగంపేటలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. పిల్లలకు వెక్టర్లు ఎక్కట్లేదు, నాలుగు రోజులు వచ్చి చెప్పిపొమ్మన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. 2008 మార్చిలో పెద్ద విమానాలన్నీ శంషాబాద్ తరలిపోయాక కూడా బేగంపేటలో శిక్షణ విమానాలు మిగిలాయి. వాటి చుట్టూ మాలాంటి గ్రౌండ్ క్లాసులు మిగిలాయి. నావిగేషన్, మెటియరాలజీ నా పేపర్లు. పాసయ్యాక పిల్లల దారి పిల్లలది అనుకోవాలి గానీ, లైసెన్సు చేతికొచ్చాక వాళ్లు మళ్లీ నా గుమ్మం ముందుకే వస్తారు. ఆ మధ్యకాలం గురించి ఎవరూ వాళ్లకు ముందుగా చెప్పరు. ఫ్లయింగ్ స్కూలు బ్రోషర్లో మొదటి పేజీ సెస్నా, ఆఖరి పేజీ ఎయిర్‌బస్. నడుమ పేజీ ఉండదు.

ఇంతకీ లైసెన్సు అంటే ఏమిటో త్వరగా చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్లు నిండాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో నూటికి 70 రావాలి, రేడియోలో మాట్లాడే ఆర్‌టీఆర్ పరీక్ష వేరే. మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తనే కమాండర్‌గా. 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా ఒక దూరప్రయాణం, దారిలో వేరే రెండు ఎయిర్‌ఫీల్డుల్లో దిగి ఆగాలి. పది గంటలు బయటికి చూడకుండా మీటర్లు చూసి నడపడం. ఐదు గంటలు రాత్రి. ఇదంతా అయితే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. రెండింజన్ల విమానం మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా కలుపుకోకపోతే ఏ ఎయిర్‌లైనూ అప్లికేషన్ తెరిచి చూడదు.

అన్నీ ఉన్నా ఆ పిల్లవాడు నడిపింది ఏమిటి? సెస్నా 152 నిండా బరువేసినా 760 కిలోలు మించదు. ఎయిర్‌బస్ ఏ320 దాదాపు 78 టన్నులతో లేస్తుంది. జీతం తీసుకుని విమానం నడపొచ్చు అని చట్టం ఇచ్చే అనుమతి సీపీఎల్. ఏ విమానం అన్నది ఇంకో కాగితం, దాని పేరు టైప్ రేటింగ్.

2023లో మన దేశంలో 1,600 పైచిలుకు సీపీఎల్‌లు ఇచ్చారు. అంతకుముందు ఏ ఏడాదీ అన్ని ఇవ్వలేదు. అంతమందినీ అదే ఏడాది మింగగలిగే శక్తి ఎయిర్‌లైన్లకు ఎందుకు లేదో అర్థం కావాలంటే, ఒక కొత్తవాణ్ణి తీసుకున్నాక కంపెనీ పడే పాటు చూడాలి. ముందు టైప్ రేటింగ్: వారాల తరబడి క్లాసులు, ఆ తర్వాత సిమ్యులేటర్. ఒక గదంత డబ్బా, కాళ్ల మీద ఊగుతుంది. లోపల కూర్చుంటే నిజం విమానానికీ దానికీ తేడా తెలియదు. ఇద్దరు ట్రెయినీలకు ఒక ఇన్‌స్ట్రక్టర్. ఇది పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది, తెల్లవారుజామున రెండింటికి క్లాసు పడినా ఎవరూ నొసలు ముడవరు. హైదరాబాద్‌లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌వాళ్ల సెంట్రల్ ట్రెయినింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఈ పనికే పుట్టింది. ఇప్పుడు ఎక్కువ సందడి గురుగ్రామ్, గ్రేటర్ నోయిడా వైపు. సిమ్యులేటర్ అయ్యాక ప్రయాణికులు లేని విమానంతో అసలు ల్యాండింగులు. ఆ తర్వాతే ప్రయాణికులతో. దీన్ని సూపర్‌వైజ్డ్ లైన్ ఫ్లయింగ్ అంటారు. ఇక్కడే ఉంది ముడి. కొత్తవాడి పక్కన మామూలు కెప్టెన్ సరిపోడు, శిక్షణ ఇచ్చే అర్హత ఉన్న కెప్టెనే కావాలి. మొదటి రోజుల్లో వెనక జంప్‌సీటు మీద సేఫ్టీ పైలట్‌గా ఇంకొకరిని కూడా కూర్చోబెడతారు. ఆఖర్న రిలీజ్ చెక్ పాసైతేనే అతను రోస్టర్‌లో ఒక మనిషి కింద లెక్క.

ఆ శిక్షణ కెప్టెన్లు ఎక్కణ్ణుంచి వస్తారు? ఉన్న కెప్టెన్లలోంచే. వాళ్లు పాత పైలట్లందరికీ ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్షలు పెట్టాలి, ఫస్ట్ ఆఫీసర్లను కెప్టెన్లుగా మార్చాలి, మిగిలిన టైములో కొత్తవాళ్లకు నేర్పాలి. విమానాలు ఆగిపోతున్నది కెప్టెన్లు లేక కాబట్టి కంపెనీ ముందు అప్‌గ్రేడ్‌ల మీద పడుతుంది. అంటే పైన కొరత ఎంత ముదిరితే కింద తలుపు అంత ఆలస్యంగా తెరుచుకుంటుంది. నల్గొండ తండ్రికి ఇది ఫోన్లో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఆయనే, "అంటే పంతుళ్లు తక్కువైన్రు, గందుకే బడిల చేర్చుకుంటలేరన్నట్టు" అన్నారు. నాకంటే బాగా చెప్పారు.

ఇక ఆర్డరిచ్చిన 470 విమానాలూ వచ్చే దసరాకి రావు, ఏళ్ల తరబడి కొన్ని కొన్ని వస్తాయి. వచ్చినవాటిలో కూడా ఇంజన్ల గొడవతో నేలమీద నిలబడిపోయినవి చూశాం.

ఇంకో పోటీ కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒక ఎయిర్‌లైన్ మూతపడితే దాని పైలట్లు బజార్న పడతారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్. ఏ320 మీదో 737 మీదో వేల గంటలున్న ఫస్ట్ ఆఫీసర్ దొరుకుతుంటే 200 గంటల సెస్నా కుర్రాణ్ణి ఎవరు తీసుకుంటారు? లైన్లో వెనకెక్కడో ఉన్నవాడు ఇంకా వెనక్కి పోతాడు. 2020లో కరోనా వచ్చి మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానమే ఎగరలేదు. ఆ ఏడాది లైసెన్సు తెచ్చుకున్న బ్యాచ్‌ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వాళ్లలో తెలివి తక్కువైనవాళ్లెవరూ లేరు. ఏ ఏడాది పాసయ్యారన్నది కూడా ఈ చదువులో ఒక మార్కే.

కాబట్టి నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే: లైసెన్సుకీ ఉద్యోగానికీ నడుమ ఉండే కాలాన్ని కూడా కోర్సులో భాగంగానే లెక్కవేసుకోండి. దానికీ ఫీజు ఉంటుంది. క్లాస్ 1 మెడికల్ ఏడాదికోసారి తిరగరాయించుకోవాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కీ ఏడాది గడువే, అది నిలబెట్టుకోవాలంటే మళ్లీ రెండింజన్ల విమానం గంటల లెక్కన అద్దెకు తీసుకుని చెక్ ఇవ్వాలి. ఎగరడం మానేస్తే చెయ్యి మొద్దుబారుతుంది, అది ఏ కాగితం మీదా కనపడదు గానీ సిమ్యులేటర్ ఎక్కించిన పది నిమిషాల్లో బయటపడుతుంది. మన దేశంలో చదివినా లైసెన్సు దాకా అర కోటి అటూ ఇటూ అవుతోంది. 60 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకోండి: నెలకు 55 వేలు ఒట్టి వడ్డీకే. చదువు లోన్లలో సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా వాయిదాలు ఆపుతారు. ఆ ఏడాది ఎంత తొందరగా గడిచిపోతుందో బ్యాంకు మేనేజరుకి తెలుసు, మనవాళ్లకు తెలియదు. సంతకం పెట్టే రోజునే ఈ గడువు పెంచడానికి వీలుందేమో అడగండి. తర్వాత అడిగితే ఆ మొహమే వేరు.

డబ్బు కంటే బరువైనది ఊరు. ఫ్లయింగ్ స్కూల్లో చేరగానే తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలతో ఫొటో దిగుతారు. పిల్లలు సరదాగా దిగుతారు. మేనమామ దాన్ని ఫ్లెక్సీ వేయించి సెంటర్లో కట్టిస్తాడు. 'మన ఊరి తొలి పైలట్‌కు శుభాకాంక్షలు'. ఆ రోజు నుంచి ఊరి దృష్టిలో ఉద్యోగం వచ్చేసినట్టే. సంబంధాలు కూడా వస్తాయి. ఆ తర్వాత అబ్బాయి ఏడాది, రెండేళ్లు ఇంట్లో ఉంటే "ఏ రూటులో తిప్పుతున్నావురా?" అని అడగనివాడు పాపాత్ముడు. తణుకు అబ్బాయి పండక్కి ఊరెళ్లడం మానేశాడు. హైదరాబాద్‌లో రూములో ఒక్కడే ఉండి, పొద్దెక్కేదాకా పడుకుని, పుస్తకం ముట్టుకోకుండా నెలలు గడిపాడు. లాక్కొచ్చి క్లాసులో కూర్చోబెట్టాల్సి వచ్చింది.

నల్గొండ అమ్మాయి ఇంకో రకం. వాళ్ల నాన్న బోర్లు వేయించే పని చేస్తారు. ఆ అమ్మాయికి పొద్దున లేవగానే శంషాబాద్ వాతావరణ రిపోర్టు చూడటం అలవాటు. మెటార్ అంటారు దాన్ని, గాలి, చూపుమేర, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం అన్నీ ఒక వరసలో కుదించి ఉంటాయి. అది చూసి మధ్యాహ్నానికి ఏమవుతుందో తన అంచనా నోట్‌బుక్కులో రాసిపెట్టి, మధ్యాహ్నం వచ్చిన రిపోర్టుతో సరిచూసుకుంటుంది. వారంలో మూడు రోజులు మా దగ్గరికొచ్చి కొత్త పిల్లలకు టెక్నికల్ సందేహాలు తీరుస్తుంది; చెప్పేకొద్దీ తనకు మరుపు రాదు, బస్సు ఖర్చులు కూడా వస్తాయి. పాత కంప్యూటరుకు ఒక జాయ్‌స్టిక్ తగిలించుకుని ఇంట్లో అప్రోచ్‌లు సాధన చేస్తుంది. దాన్ని చూసి వాళ్ల నాయనమ్మ, లక్షలు పోసి వీడియో గేములు నేర్పించినారా అని నాన్నను నిలదీసిందట.

పిలుపు వచ్చాక జరిగేది ఏమిటో చెబుతాను. ఎయిర్‌లైన్‌ను బట్టి వరస మారుతుంది గానీ సరుకు ఇంచుమించు ఒకటే. ఒక రాతపరీక్ష. కంపాస్ లాంటి కంప్యూటర్ పరీక్ష ఒకటి. అందులో జాయ్‌స్టిక్‌తో తెరమీద వంకరదారి వెంట గుర్తును జారిపోకుండా నడపాలి, చూపించి మాయం చేసిన అంకెలు గుర్తుంచుకోవాలి, ఒకేసారి నాలుగు పనులు సంబాళించాలి. తర్వాత గ్రూప్ డిస్కషన్, కొన్నిచోట్ల సిమ్యులేటర్, చివర్న ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూలో నా సబ్జెక్టు నుంచి అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. "శంషాబాద్‌లో రన్‌వే 09 మీద దిగుతున్నావు. గాలి 120 డిగ్రీల నుంచి 20 నాట్లు. క్రాస్‌విండ్ ఎంత?" కాగితం ఇవ్వరు. రన్‌వే 090 వైపు, గాలి 120 నుంచి, తేడా 30 డిగ్రీలు. 30కి సైన్ సగం. 20లో సగం 10 నాట్లు, కుడివైపు నుంచి. ఐదు సెకన్ల పని. "35,000 అడుగుల మీద ఉన్నావు, దిగడం ఎక్కడ మొదలుపెడతావు?" వేలను మూడుతో గుణించు, 105 నాటికల్ మైళ్ల దూరంలో. "అప్రోచ్‌లో గ్రౌండ్ స్పీడు 140 నాట్లు, మూడు డిగ్రీల వాలులో నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలి?" సగం చేసి పక్కన సున్నా తగిలించు, 700. ఇవి రాని పిల్లలు నా క్లాసులో లేరు. ఎదురుగా నాలుగు పట్టీల కెప్టెన్ కూర్చుని, సమాధానం చెప్పాక ఏమీ అనకుండా మొహంలోకి చూస్తూ ఉంటే మాత్రం సరైన జవాబును కూడా మార్చేసేవాళ్లు బోలెడంత మంది. వాళ్లు చూడాలనుకునేదే అది.

తర్వాత లాగ్‌బుక్ తిప్పుతారు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న కొందరు పైలట్లు అరెస్టయ్యాక కాగితాల మీద అందరికీ అనుమానమే. గంటలు ఎగరకుండా రాసుకున్నవాడెవడో, ఎగిరినవాడెవడో కనిపెట్టడానికి పాత కెప్టెన్లకు పోలీసులక్కర్లేదు. ఆ 300 మైళ్ల ప్రయాణం ఉన్న పేజీ దగ్గర వేలు పెట్టి, "ఈ రోజు ఏం జరిగిందో చెప్పు" అంటారు. నా స్టూడెంట్ ఒకడు బేగంపేట నుంచి నాందేడ్ వెళ్లాడు. ఎడమపక్క దూరంగా సింగూరు నీళ్లు ఎన్ని నిమిషాలకు కనపడాలో, ఎన్ని నిమిషాలకు కనపడ్డాయో, ఆ తేడాను బట్టి ఎదురుగాలి ఎంతని లెక్కగట్టాడో, దిగాక ఇంధనం ఎంత మిగిలిందో చెప్పుకుంటూ పోయాడట. బోర్డులో ఉన్నాయన మధ్యలో ఆపి, చాలు చాలు, టీ తాగుతావా అన్నాడట.

ఇక టైప్ రేటింగ్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. లైసెన్సు వచ్చిన నెలలోపే ఎక్కణ్ణుంచో ఫోన్లు మొదలవుతాయి: ముందే ఏ320 రేటింగ్ చేసుకుంటే ఉద్యోగం ఖాయం, సీట్లు కొన్నే ఉన్నాయి, సోమవారం లోపు కట్టాలి. రమారమి 15 నుంచి 20 లక్షల వ్యవహారం. తణుకు అబ్బాయి కుటుంబం కొబ్బరితోటలో కొంత అమ్మి కట్టింది. విదేశంలో రేటింగ్ చేసుకుని వచ్చాడు. ఆ తర్వాత అతనికి అందుబాటులో తెరుచుకున్న తలుపు 737లు నడిపే కంపెనీది. వాడని రేటింగ్ కూడా పాతబడుతుంది, మళ్లీ సిమ్యులేటర్‌కు డబ్బు కడితేనే బతుకుతుంది. ఫోన్ చేసిన ఏజెంటు నంబరు ఇప్పుడు పలకదు. ఎయిర్‌లైన్ ముందు పరీక్షలు పెట్టి, ఎంపిక చేసి, ఎల్‌ఓఐ అనే ఉత్తరం చేతికిచ్చి, అప్పుడు ఫలానా చోట రేటింగ్ చేసుకో అంటే అది వేరు. ఆ ఉత్తరం లేకుండా రేటింగ్ కొనొద్దు. పది మంది పది రకాలుగా చెబుతారు, కొని బాగుపడ్డవాళ్లను కూడా చూపిస్తారు. నేను మాత్రం కొనొద్దనే అంటాను.

మరి క్యాడెట్ ప్రోగ్రాముల సంగతి? ఎయిర్‌లైన్ మొదట్లోనే పరీక్ష పెట్టి ఎంచుకుని, తను కుదుర్చుకున్న స్కూల్లో లైసెన్సు దగ్గర్నుంచి టైప్ రేటింగ్ దాకా చేయించి తీసుకునే పద్ధతి. మధ్యలో ఇంట్లో కూర్చునే కాలం తగ్గుతుంది. ఖర్చు కోటి దాకా పోతుంది, దాటినా ఆశ్చర్యం లేదు. షరతులతో కూడిన మాటే గానీ ఇది కూడా ఉద్యోగ హామీ కాదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎయిర్ ఇండియా అయితే అమరావతిలో 34 శిక్షణ విమానాలతో, ఏడాదికి 180 మందిని తయారుచేసేలా సొంత స్కూలే పెడతామంది. ఇది చెప్పగానే గుంటూరు తల్లిదండ్రుల కళ్లు మెరుస్తాయి. మన అమరావతి కాదండీ, మహారాష్ట్ర అమరావతి.

అమెరికా వెళ్లి చేసుకొస్తే త్వరగా అవుతుందా అని అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. బావో, బాబాయో డాలస్‌లో ఉంటాడు. గంటలు త్వరగా అవుతాయి, అది నిజం. ఉద్యోగం అక్కడే చూసుకోవచ్చనుకుంటే మాత్రం ఒకటి తెలియాలి. 2009లో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత అక్కడ చట్టం మార్చారు. 2013 నుంచి అక్కడ కుడి సీట్లో కూర్చోవడానికే 1,500 గంటలు కావాలి, కొన్ని రకాల చదువులకూ సైన్యం నుంచి వచ్చినవాళ్లకూ కాస్త సడలింపు. అక్కడ పనిచేసే హక్కు లేని మన పిల్లలకు అన్ని గంటలు ఎవరిస్తారు? మన దేశంలో 200 గంటలతోనే కుడి సీటు సాధ్యం. అందుకే తిరిగొస్తారు. వచ్చాక మన రెగ్యులేషన్స్ పేపరు, నావిగేషన్, మెటియరాలజీ కలిపిన కాంపోజిట్ పేపరు రాసి, ఇక్కడ చెక్‌లు ఎగిరి లైసెన్సు మార్పించుకోవాలి. ఆ కాంపోజిట్ దగ్గర బోల్తాపడి నా దగ్గరికొచ్చినవాళ్లకు ఫ్లోరిడా ఎండ గుర్తుంటుంది గానీ మన ఋతుపవనాలు గుర్తుండవు.

పెద్ద జెట్ల వైపే చూడకుండా చిన్నవాటి గురించి ఆలోచించమని చెబితే పిల్లలకు చిన్నతనంగా ఉంటుంది. 78 సీట్ల వరకు ఉండే ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాలున్నాయి. తొమ్మిది సీట్ల క్యారవాన్‌తో చిన్న ఊళ్లకు తిప్పేవాళ్లున్నారు. ఉడాన్ పథకం 2017 ఏప్రిల్‌లో మొదలైన రోజున ఎగిరిన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. దాన్ని హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ ఏటీఆర్‌తో తిప్పింది. ఆ కంపెనీ తర్వాత ఆగిపోయింది, అది వేరే కథ. ఏటీఆర్ మీద రోజుకు నాలుగైదుసార్లు దిగి ఎగిరేవాడికి, ఎండలో, వానలో, ఎదురుగాలిలో వచ్చే చేతివాటం ఎక్కడికీ పోదు. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసుకుని ఫ్లయింగ్ స్కూల్లోనే పాఠాలు చెబుతూ గంటలు కూడబెట్టేవాళ్లు ఇంకొందరు. పక్కవాడు చేసే తప్పును రన్‌వేకి పది అడుగుల ఎత్తులో పట్టుకోవడం వాళ్లకు రోజూ పనే కాబట్టి ఇంటర్వ్యూల్లో నిలకడగా ఉంటారు.

ఎయిర్‌లైన్ నుంచి ఉత్తరం వచ్చిన రోజు స్వీట్లు పంచే హడావిడిలో బాండు చదవరు. చదవండి. శిక్షణ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, బేస్ ఏ ఊరు, అన్నీ అందులో ఉంటాయి. చేరాక ఇంకో కంపెనీ పిలిచిందని చటుక్కున మారడం కూడా కుదరదు. ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు అని డీజీసీఏ 2017లోనే నియమం పెట్టింది.

చేరినవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు లైన్ ట్రెయినింగ్‌లో ఏది కష్టమని అడుగుతుంటాను. ల్యాండింగ్ అంటారనుకుంటాం. కాదు, కెప్టెన్‌కు ఎదురు చెప్పడం. అప్రోచ్ నిలకడగా లేకపోతే కుడి సీట్లోవాడు 'గో అరౌండ్' అని గట్టిగా అనాలి. ఎడమ సీట్లో పాతికేళ్ల అనుభవం ఉన్నాయన ఉన్నా సరే. అనకుండా నోరు మూసుకున్నందువల్ల కూలిన విమానాలు ప్రపంచ చరిత్రలో తక్కువేం కాదు. మన పిల్లల్ని మనం పెంచేది మాస్టారు రాగానే లేచి నిలబడేలా, పెద్దవాళ్ల మాటకు అడ్డు రాకుండా. ఆ పెంపకాన్ని కాక్‌పిట్ తలుపు దగ్గర విడిచి లోపలికి వెళ్లాలి. ఇంటర్వ్యూలో కూడా దీన్ని రకరకాలుగా తిప్పి తిప్పి అడుగుతారు.

అందుకని క్లాసులో నేనొక పని చేస్తాను. బోర్డు మీద కావాలనే తప్పు లెక్క వేసి, తెలియనట్టు ముందుకు పోతాను. మొన్నటి బ్యాచ్‌లో ట్రూ ట్రాక్ 090, వేరియేషన్ 5 వెస్ట్ అని రాసి, మాగ్నెటిక్ 085 అని వేశాను. వెస్ట్ అయితే కలపాలి, 095 రావాలి. ముప్పై మంది తలలు వంచి 085 అనే ఎక్కించుకున్నారు. ఆ రోజు సందేహాలు తీర్చడానికి వచ్చి వెనక కూర్చున్న నల్గొండ అమ్మాయి లేచి, "సార్, అది తప్పు" అంది.

"ఎన్నేళ్లుగా చెబుతున్నాననుకున్నావు? కూర్చో, మళ్లీ చూసుకో" అన్నాను, గొంతు పెంచి.

"చూసిన సార్. మీరే ఒక్కసారి చూడుండ్రి."